బందీయైన గృహము

వీథిలో ఎన్ని అలజడులున్నను తలుపు గడియ వేసికొన్న పిదప మనము నిర్భయులమని తలంతుము. ఆ గడియ తీయించుకొని శత్రువే లోనికి వచ్చి మన కుర్చీలో కూర్చుండినచో నేమగును? 1955లో విడుదలయైన ‘ది డెస్పరేట్ అవర్స్’ అను అమెరికను చలనచిత్రము వేసిన ప్రశ్న యిది. దీనికి దర్శకుడు విలియం వైలర్. ఈ చిత్రకథ ఎంత ఉత్కంఠభరితమో, దాని వెనుక నడచిన చరిత్రయు అంత ఆలోచింపదగినది.

కథ క్లుప్తమైనది. చెరసాలనుండి పారిపోయిన ముగ్గురు ఖైదీలు ఇండియానాపొలిస్ నగర శివారున ఒక మధ్యతరగతి యింట జొరబడుదురు. ముంగిటి పచ్చికపై పడియున్న పిల్లవాని సైకిలును చూచియే వారా యింటిని ఎన్నుకొందురు. పసివారు గల తలిదండ్రులు సాహసమునకు పూనుకొనరని ముఠానాయకుడు గ్లెన్ గ్రిఫిన్ ఎరుగును. తమకు రావలసిన ధనము చేరువరకు వారు కదలరు. యజమాని డాన్ హిల్లియర్డ్ ఉద్యోగమునకు పోవచ్చును, నలుగురిలో తిరుగవచ్చును, నోరు మాత్రము మెదపరాదు. భార్యయు, కుమారుడును తుపాకి యెదుట నున్నారు గదా! ప్రేక్షకుని ఉత్కంఠ కంతటికిని ఈ మౌనమే మూలము.

గ్రిఫిన్ పాత్రను హంఫ్రీ బోగార్ట్ ధరించెను. జోసెఫ్ హేస్ తన నవలనే నాటకముగా వ్రాయగా, అదే యేట న్యూయార్కు రంగస్థలమున ఈ పాత్రను ముప్పదియేండ్ల పాల్ న్యూమన్ అభినయించెను. బోగార్టునకు అప్పటికి ఏబదియైదేండ్లు. 1936లో ‘ది పెట్రిఫైడ్ ఫారెస్ట్’ చిత్రమున జనులను బంధించిన బందిపోటుగా పేరొందిన యీ నటుడు, దాదాపు ఇరువది యేండ్లకు మరల అట్టి పాత్రకే వచ్చెను. అయిన నీతనిలో నాటి దర్పము లేదు. అలసట, వెటకారము, సుఖముగా బ్రదుకువారిపై తీరని అక్కసు ఆ మోమున ద్యోతకమగును. ఇది ఆయన కడపటి చిత్రమునకు ముందటిది. 1957 జనవరిలో ఆయన మరణించెను.

హిల్లియర్డ్ పాత్రకు తొలుత స్పెన్సర్ ట్రేసీని అనుకొనిరి. పేర్ల వరుసలో మొదటి స్థానమును వదలుకొనుటకు మిత్రులిరువురిలో ఎవరును సమ్మతింపకపోగా, అది ఫ్రెడరిక్ మార్చ్ వశమయ్యెను. ఆయన కేకలు వేయడు. భయపడిన గృహస్థుని గొంతు క్రమముగా ఎట్లు గట్టిపడునో మాత్రమే చూపును. తుదిఘట్టమున, గుండ్లు తీసివేసిన తుపాకి గ్రిఫిన్ చేత పడునట్లు చేసి, దానిని తన కుమారునికే గురిపెట్టియుండగా, పరుగెత్తి రమ్మని బాలుని పిలుచును. బాలుడు తండ్రిమాట నమ్మి పరుగెత్తును. పిదప గ్రిఫిన్‌ను చంపగల అవకాశము చేజిక్కినను హిల్లియర్డ్ చంపడు. తన యింటినుండి వెడలగొట్టును.

ఇక చరిత్ర. 1952 సెప్టెంబరులో ఫిలడెల్ఫియా సమీపమున వైట్‌మార్ష్ అను చోట, పారిపోయిన ముగ్గురు ఖైదీలు ఒక కుటుంబమును పందొమ్మిది గంటలు నిర్బంధించిరి. తలిదండ్రులు, అయిదుగురు బిడ్డలు. ఖైదీలు వారికి ఏ హానియు చేయలేదు. మర్యాదగనే మెలగి వెడలిపోయిరి. ఆ కుటుంబము జనుల కుతూహలమునకు జంకి మరొక రాష్ట్రమునకు తరలిపోయెను. నవలలోనో, కొట్టుట, అవమానించుట ఉన్నవి. 1955లో ‘లైఫ్’ పత్రిక నటులను ఆ పాత యింటికి గొనిపోయి ఛాయాచిత్రములు తీయించి, నాటకము ఆ కుటుంబపు అనుభవమే యన్నట్లు ప్రకటించెను.

గృహస్థుడు న్యాయస్థానమున కెక్కెను. సుప్రీంకోర్టులో ఆయన పక్షమున వాదించినవాడు రిచర్డ్ నిక్సన్. అప్పటికి మాజీ ఉపాధ్యక్షుడు, తరువాత అధ్యక్షుడు. 1967 జనవరిలో న్యాయస్థానము, క్రింది తీర్పును త్రోసివేసెను. ప్రజలకు ఆసక్తిగల విషయమున పొరపాటు దొరలినంత మాత్రమున చాలదు; అసత్యమని తెలిసియో, సత్యాసత్యముల నేమాత్రము లెక్కసేయకయో ప్రచురించినట్లు నిరూపింపవలెనని నిర్ణయించెను. పత్రికాస్వాతంత్ర్యమునకు అది రక్షయే. కాని ఆ కుటుంబము కోరినది తమను మరచిపొండనియే.

చిత్రము నిలిచినది. 1990లో మైకేల్ చిమినో దీనిని మరల తీసెను. హిల్లియర్డ్ తన శత్రువును గడప దాటించెను. నిజమైన గృహస్థుడు మాత్రము తనపై కల్పింపబడిన కథను గడప దాటింపలేకపోయెను. శ్రోతలారా, మా కంఠస్వరమును ప్రతిదినము మీ యిండ్లలోనికి వచ్చుచున్నది. ఒరుల కష్టమును వినోదముగా మలచునపుడు ఆ గడపను స్మరించుట మా వృత్తిధర్మమని నా విశ్వాసము.