పలుకుకు ముందు వినికిడి: బెంగళూరులో జరిగిన ఒక ప్రయోగం

"మా వాడికి ఇంగ్లీషు చెబితే అర్థమవుతుందండీ, కాని నోరు విప్పడు." ఈ ఫిర్యాదు వినని తెలుగు ఉపాధ్యాయులు బెంగళూరులో ఉండరనుకుంటాను. ఇది విన్నప్పుడల్లా నాకు దిగులు కలగదు, పైగా కొంత సంతోషమే కలుగుతుంది. అలా అన్నందుకు తల్లిదండ్రులు నొచ్చుకోకూడదు. అర్థమవుతున్నదంటే లోపల పని జరుగుతున్నదని అర్థం. దీనిని మాటగా చెప్పి ఊరుకోకుండా తరగతిగదిలో పెట్టి చూసిన చరిత్ర మన ఊరికే ఉంది. ఆ చరిత్రను మీ ముందుంచడానికే ఈ వ్యాసం.

ముందుగా కొంత వెనుకటి సంగతి. 1950ల నుండి దక్షిణాది బడులలో ఇంగ్లీషును వాక్యనిర్మాణాల వరుసలో బోధించే పద్ధతి పాతుకుపోయింది. ఉపాధ్యాయుడు తలుపు వైపు నడుస్తూ "ఐ యామ్ వాకింగ్ టు ది డోర్" అనాలి, పిల్లలు ఏకకంఠంతో వల్లించాలి. ఒక నిర్మాణం వచ్చిన తరువాతే మరొకటి. ఈ పద్ధతిని ఊరూరా చేర్చడానికి మద్రాసు రాష్ట్రంలో ఆ దశాబ్దం చివర 27,000 మంది ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వాలని ఒక ఉద్యమం తలపెట్టారు. శిక్షణ పొందినవారు మరికొందరికి, వారు ఇంకొందరికి నేర్పాలి. దొర్లే కొద్దీ పెరిగే మంచుముద్ద పేరును ఆ ఉద్యమానికి పెట్టారు. మంచు ఎరుగని మద్రాసుకు ఆ పేరు ఎవరికి తోచిందో గాని, పని మాత్రం చిన్నది కాదు. 1963లో బెంగళూరులో స్థాపితమైన దక్షిణ భారత ప్రాంతీయ ఆంగ్ల సంస్థ కూడా ఈ బోధనాసంస్కరణల వాతావరణంలో పుట్టినదే. ఇప్పుడు జ్ఞానభారతి ఆవరణలో ఉన్న ఆ సంస్థకు తెలుగునాటి ఉపాధ్యాయులు ఎందరో శిక్షణకు వచ్చి వెళ్ళారు. మీలోనూ కొందరు ఉండవచ్చు.

ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఈ పద్ధతి లోపం బయటపడింది. నిర్మాణాలన్నీ తప్పులేకుండా అప్పజెప్పిన పిల్లవాడు బడి దాటిన తరువాత ఒక ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతున్నాడు. అప్పట్లో మద్రాసు బ్రిటిష్ కౌన్సిల్‌లో ఆంగ్లవిద్యకు అధికారిగా ఉన్న ఎన్. ఎస్. ప్రభు ఈ సమస్యను తలక్రిందులు చేసి చూశారు. నిర్మాణం నేర్పితే వాడుక తరువాత వస్తుందనుకుంటున్నాం. అలా కాక, పిల్లల మనసు అర్థం మీద లగ్నమయ్యేటట్లు చేస్తే నిర్మాణం తనంతట తానే లోపల ఏర్పడదా? ఈ ఊహతో 1979లో బెంగళూరు సంస్థ ఆధారంగా ప్రయోగం మొదలై 1984 వరకు నడిచింది. దక్షిణాదిలోని ఎనిమిది తరగతులలో, ఎనిమిది నుండి పదిహేనేళ్ళ లోపు పిల్లలతో, ఒక్కొక్కచోట ఒకటి మొదలు మూడేళ్ళ దాకా సాగింది. లోకమంతా దీనిని బెంగళూరు ప్రయోగమనే పిలుస్తుంది. విదేశాల బోధనాశాస్త్ర గ్రంథాలలో మన ఊరి పేరు కనిపించేది దీనివల్లనే. ఊళ్ళోని ఉపాధ్యాయులలో చాలామందికి మాత్రం ఇది తెలియదు!

ఆ తరగతి ఎలా ఉండేదో కాస్త వివరంగా చెప్పాలి. పాఠానికి ఒక పని ఉండేది. రైళ్ళ వేళల పట్టిక, ఊరి పటం, నెల క్యాలెండరు, అంగడి లెక్క, గడియారం ముఖం, ఇలాంటిది ఏదో ఒకటి. మొదట ఉపాధ్యాయుడు ఆ పనిని తరగతి అందరితో కలిసి, ఇంగ్లీషులో ప్రశ్నలు వేస్తూ నోటిమాటగా చేయించేవాడు. తరువాత అలాంటిదే మరొక పనిని పిల్లలు ఎవరికి వారు చేయాలి. ఒక్క మాటతోనో, అంకెతోనో, పటం మీద గీతతోనో జవాబు చెబితే చాలు. మాతృభాష మాట నోట వచ్చినా పాఠం ఆగదు. మార్కు పని సరిగా చేసినందుకే గాని వాక్యం సరిగా చెప్పినందుకు కాదు. తప్పు దొర్లితే ఉపాధ్యాయుడు సరైన రూపాన్ని మాటల సందర్భంలో తాను అనేసి ముందుకు సాగేవాడు. తరగతిలో కనీసం సగం మంది, పనిలో కనీసం సగం సాధించగలిగితే ఆ పని స్థాయి సరిపోయిందని లెక్క. మరీ సులువైతే మనసు పెట్టరు, మరీ కఠినమైతే వదిలేస్తారు.

గంటలో అధికభాగం పిల్లలు వింటున్నారు. అయితే ఊరికే వినడం కాదు, విన్నదానితో ఏదో తేల్చుకోవడానికి వింటున్నారు. ఈ భేదం నా దృష్టిలో చాలా పెద్దది. టేపు పెట్టి "జాగ్రత్తగా వినండి" అని చెప్పి, ముగిసిన తరువాత ప్రశ్నలు అడగడం జ్ఞాపకశక్తికి పరీక్ష అవుతుందే గాని వినికిడికి శిక్షణ కాదు.

పిల్లలను గుంపులుగా కూర్చోబెట్టి ఇంగ్లీషులో మాట్లాడుకోమనడానికి ప్రభు అంతగా ఇష్టపడలేదు. సగం వచ్చిన భాషను ఒకరి నుండి ఒకరు వింటే ఆ సగమే స్థిరపడుతుందని ఆయన భయం. ఈ విషయంలో ఆయనతో ఏకీభవించనివారు చాలామంది ఉన్నారు. యాభైమంది పిల్లలున్న తరగతిలో నిలబడినవారికి ఆయన భయం అర్థమవుతుందని మాత్రం అంటాను.

ఫలితమేమిటని మీరు అడగవచ్చు. అలన్ బెరెట్టా, అలన్ డేవిస్ అనే పరిశోధకులు ఈ తరగతులను పాతపద్ధతి తరగతులతో పోల్చి పరీక్షించి 1985లో ఫలితాలు ప్రకటించారు. నిర్మాణాల పరీక్షలో పాతపద్ధతి పిల్లలు, పనుల పరీక్షలో ప్రయోగం పిల్లలు ముందున్నారు. ఇది ఊహించదగినదే. ఏ పక్షానికీ మొగ్గని పరీక్షలలో మొత్తం మీద ప్రయోగం పిల్లలదే పైచేయి అయింది. అయితే తరగతులను చీటీలు తీసి ఎంచలేదు, ఉన్నవాటిని ఉన్నట్లు పోల్చారు. కనుక దీనిని తిరుగులేని రుజువుగా చెప్పుకోవడం న్యాయం కాదు. మరొక లోపం మనకు మరింత దగ్గరది. పాఠాలు చెప్పినవారిలో అధికులు శిక్షణసంస్థల నుండి వచ్చిన అనుభవజ్ఞులు. నిత్యం బడిలో ఉండే మామూలు ఉపాధ్యాయులకు ఈ పద్ధతి అంత సులువుగా పట్టుబడలేదని బెరెట్టా తరువాత రాశారు. పుస్తకం చేతిలో లేకుండా గంటసేపు ధారాళంగా ఇంగ్లీషులో ప్రశ్నలు వేయడం అందరి తరమూ కాదు కదా! ప్రభు తన అనుభవాన్ని 1987లో గ్రంథంగా ప్రచురించారు. బడులు మాత్రం మెల్లగా పాత దారికే మళ్ళాయి.

ఉపాధ్యాయుని ఇంగ్లీషు చాలనిచోట మరొక గొంతును తేవాలనే ఆలోచన రేడియో నుండి వచ్చింది. 1980లలో కెన్యాలో చిన్న తరగతులకు రేడియో ద్వారా ఇంగ్లీషు నేర్పారు. గొంతు ఒక ఆజ్ఞ ఇచ్చి ఆగుతుంది, ఆ విరామంలో పిల్లలు లేచి చేస్తారు, లేదా బదులు చెబుతారు. ఆ మార్గమే తరువాత మన ఆకాశవాణిలోనూ వచ్చింది. కర్ణాటకలో 'కేళి కలి', ఆంధ్రప్రదేశ్‌లో 'విందాం నేర్చుకుందాం' పేర్లు మీలో కొందరికి గుర్తుండవచ్చు. రెండు పేర్లకూ అర్థం ఒకటే.

చెవికి పెద్దపీట వేయడం తెలుగువారికి పరాయి సంగతి కాదు. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకంలో జె. ఏ. యేట్స్ అనే పాఠశాలల ఇన్‌స్పెక్టరు, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో నేర్పే తెలుగు ఒకటి ఎందుకున్నవని విశాఖపట్నంలో పి. టి. శ్రీనివాస అయ్యంగారిని అడిగారు. ఆ ప్రశ్న గురజాడ, గిడుగు వారల దాకా వెళ్ళి వ్యావహారిక భాషోద్యమానికి ఒక ప్రేరణ అయింది. నోటిభాషే ముందనే కొత్త బోధనాపద్ధతి ప్రభావం దాని వెనుక ఉంది. గిడుగు రామమూర్తి గారు సవరభాషను నేర్చుకున్నది కూడా ఆ భాష మాట్లాడేవారి నోట వినే.

ఇక మన సంగతి. కర్ణాటక ప్రభుత్వ బడులలో 2007 నుండి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు ఒక పాఠ్యాంశమయింది. మన తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు వింటున్నారు. ఆరేళ్ళ చెవికి ఇది బరువు కాదు, నోటిని తొందరపెడితేనే బరువు. ఇంగ్లీషులో బదులు చెప్పలేదని రెండో తరగతి పాపను నెలల తరబడి వెనుక వరుసలో కూర్చోబెట్టిన బడి ఒకటి నేను ఎరుగుదును. ఆ పాప చెప్పిన పనల్లా తప్పకుండా చేసేది. అంటే అంతా వింటూనే ఉన్నది! ఆ సంవత్సరమే తల్లిదండ్రులు భయపడి ఇంట్లో తెలుగు మానేసి తమకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలతో పిల్లను పలకరించడం మొదలుపెట్టారు. రాత్రి అమ్మమ్మ చెప్పే కథ ఆగిపోయింది. కథను చివరిదాకా పట్టుకుని వినే ఓపిక ఆ పాపకు అలవడినది అక్కడే. అదే ఓపిక ఇంగ్లీషుకూ కావాలి. కనుక అమ్మలారా, నాన్నలారా, ఇంట్లో తెలుగు ఆపకండి.

ఉపాధ్యాయ మిత్రులు రేపే చేయదగిన పని ఒకటి చెబుతాను. నల్లబల్ల మీద బెంగళూరు నుండి అనంతపురం దాకా ఒక గీత గీసి దానిమీద ఐదు చుక్కలు పెట్టండి. దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం. పిల్లల పలకల మీదా అదే గీత. రైలు ఎక్కడ ఎన్ని గంటలకు ఆగుతుందో ఇంగ్లీషులో నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి, వేళలు మీ ఇష్టం. పిల్లలు చుక్క ప్రక్కన అంకె వేయాలి. తరువాత "హిందూపురం నుండి ధర్మవరానికి ఎంతసేపు పట్టింది?" అని ఇంగ్లీషులోనే అడగండి. మాట్లాడమని ఎవరినీ లేపవద్దు, పలకలు ఎత్తి చూపమనండి.