కాంతి వేగమూ – మనిషి ఒళ్ళూ



"తాతయ్యా, రాకెట్టు కాంతి వేగం అందుకోవాలంటే ఎన్నాళ్ళు పడుతుంది?" అని మనవడు అడిగాడు. గుమాస్తా చేయి ఊరుకోదు కదా, లెక్క వేశాను. కాంతి సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. పైనుంచి పడే రాయిలా సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున వేగం పెంచుతూ పోతే, పాత లెక్కలో 354 రోజులు. అంతకు 46 రెట్లయితే ఎనిమిది రోజులు చాలు.

కాని ఒళ్ళు ఓర్చుకోవద్దా? అమెరికా వైమానిక దళ వైద్యుడు జాన్ పాల్ స్టాప్ ఆ సంగతి తన మీదనే పరీక్షించుకున్నారు. 1954 డిసెంబరు 10న న్యూమెక్సికోలో, పట్టాల మీది రాకెట్ బండిలో గంటకు 1,017 కిలోమీటర్ల వేగం అందుకుని, 1.4 సెకన్లలో ఆగారు. ఆ తాకిడి భూమ్యాకర్షణకు 46 రెట్లు. కళ్ళలో నెత్తురు దిగి కొంతసేపు చూపు పోయింది. క్షణమాత్రానికే అంత! ఎనిమిది రోజులు ఎవరు భరిస్తారు? పైగా ద్రవ్యరాశి గల ఏ వస్తువూ కాంతి వేగాన్ని అందుకోలేదని ఐన్‌స్టీన్ 1905 నాటి సిద్ధాంతమే తేల్చింది.

స్టాప్ ఆ అనుభవంతోనే కార్లలో సీటు బెల్టుల కోసం పాటుపడి, 1999లో 89 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ముసలివాడికి బెల్టెందుకని విసుక్కునేవాడిని. ఇప్పుడు మనవడు చెప్పకముందే పెట్టుకుంటున్నాను.