శ్రామిక శక్తిలో స్త్రీ పురుషుల వాటా: లెక్కించే తీరు, గమనించవలసిన అంశాలు

దేశంలో 15 ఏళ్లు, ఆపై వయసు గల మహిళల్లో 2017-18లో 23.3 శాతం మంది శ్రామిక శక్తిలో ఉన్నారు. 2023-24 నాటికి అది 41.7 శాతానికి చేరింది. అదే కాలంలో పురుషుల రేటు 75.8 నుంచి 78.8 శాతానికి మాత్రమే పెరిగింది. మహిళల అంకెలో ఇంత మార్పు ఎలా వచ్చింది? దీనిని అర్థం చేసుకోవాలంటే ముందుగా ఏది ‘పని’ అవుతుందో, దానిని ఎలా లెక్కిస్తారో తెలుసుకోవాలి.

రేటు అంటే ఏమిటి?

పనిలో ఉన్నవారితో పాటు, పని కోసం వెతుకుతున్నవారు, దొరికితే చేయడానికి సిద్ధంగా ఉన్నవారు కూడా శ్రామిక శక్తిలో భాగమే. ఒక ఊరిలో 15 ఏళ్లు దాటిన మహిళలు వంద మంది ఉన్నారనుకుందాం. వారిలో 40 మంది పనిలో ఉండి, ఇద్దరు పని వెతుకుతుంటే భాగస్వామ్య రేటు 42 శాతం. నిరుద్యోగ రేటును మాత్రం ఈ 42 మందిలోనే లెక్కిస్తారు. అది సుమారు 4.8 శాతం. మిగిలిన 58 మంది నిరుద్యోగుల జాబితాలోకి రారు. పని దొరకదని వెతకడం మానుకుని, పనికి సిద్ధంగా లేనని చెప్పిన మహిళ కూడా ఆ 58 మందిలోనే ఉంటుంది. నిరుద్యోగ రేటు తక్కువగా ఉన్నంత మాత్రాన మహిళలకు ఉపాధి బాగుందని చెప్పలేకపోవడానికి కారణమిదే.

లెక్కలు ఎక్కడివి?

జాతీయ నమూనా సర్వే సంస్థ 1972-73 నుంచి సుమారు ఐదేళ్లకొకసారి ఉపాధి, నిరుద్యోగ సర్వేలు నిర్వహించేది. ఆ వరుసలో చివరిది 2011-12 నాటిది. వాటి స్థానంలో 2017 ఏప్రిల్‌లో పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే ప్రారంభమైంది. 2025 జనవరిలో సర్వే పద్ధతిని సవరించి, నెలవారీ అంచనాలు వెలువరించే ఏర్పాటు చేశారు.

రెండు కొలమానాలు

ఈ సర్వే రెండు కాలవ్యవధులను పాటిస్తుంది. ‘సాధారణ స్థితి’ గడచిన 365 రోజులకు సంబంధించినది. సంవత్సరంలో ఎక్కువ కాలం పనిలో లేకపోయినా, 30 రోజులకు తగ్గకుండా అనుబంధ పని చేసినవారిని కూడా ఇందులో కలుపుతారు. ‘ప్రస్తుత వారపు స్థితి’ గడచిన ఏడు రోజులకే పరిమితం. ఆ వారంలో ఏదో ఒక రోజు కనీసం ఒక గంట పనిచేసినవారు పనిలో ఉన్నట్టే. వరినాట్లకు, కలుపుతీతకు, కోతలకు కలిపి ఏడాదికి నలభై రోజులు వెళ్లే మహిళ మొదటి లెక్కలో చేరుతుంది. పనులు లేని నడివేసవి వారంలో అడిగితే రెండవ లెక్కలో తప్పిపోవచ్చు. పైన చెప్పిన 41.7 శాతం సాధారణ స్థితికి సంబంధించినది. నెలవారీ అంచనాలు వారపు స్థితిని అనుసరిస్తాయి. అందువల్ల ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి పెరిగిందనో, తగ్గిందనో అనడం సరికాదు.

గీత ఎక్కడ?

సొంత పొలంలోనో, కుటుంబ దుకాణంలోనో జీతం లేకుండా సాయపడే మహిళ శ్రామికురాలే. నిజామాబాద్, కరీంనగర్ ప్రాంతాలలో ఇంటి వద్దనే బీడీలు చుట్టి కూలి పొందే మహిళ కూడా శ్రామికురాలే. ఆమె వంట చేసే సమయం, పిల్లలనూ వృద్ధులనూ చూసుకునే సమయం మాత్రం ఈ లెక్కలోకి రావు. ఇంటి పనులకు తోడు ఇంటి అవసరానికి వంటచెరకు, పశుగ్రాసం సేకరించే మహిళలకు సర్వేలో 93వ సంకేతం ఉంది. వారు శ్రామిక శక్తికి వెలుపలే ఉంటారు.

వెలుపల మిగిలిన శ్రమ ఎంతటిదో 2019 నాటి సమయ వినియోగ సర్వే తెలిపింది. జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొన్న మహిళలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. సర్వేలలో ఇంట్లో ఒకరే అందరి తరఫున సమాధానం చెప్పడం సాధారణం. ‘ఆమె ఇంట్లోనే ఉంటుంది’ అన్న ఒక్క మాటతో పొలం పని కూడా లెక్క తప్పే అవకాశం ఉంది.

పెరుగుదలలో ఏముంది?

గ్రామీణ మహిళల రేటు 24.6 నుంచి 47.6 శాతానికి పెరగగా, పట్టణాలలో 20.4 నుంచి 28 శాతానికి చేరింది. పనిలో ఉన్న మహిళల్లో స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4 శాతానికి పెరిగింది. ఇందులో భాగమైన, కుటుంబ వృత్తిలో జీతం లేకుండా సాయపడేవారి వాటా 31.7 నుంచి 36.7 శాతమైంది. నెల జీతం వంటి క్రమబద్ధ ఉపాధిలో ఉన్నవారి వాటా 21 నుంచి 15.9 శాతానికి తగ్గింది. కొత్త అవకాశాలు, కుటుంబాల ఆర్థిక ఒత్తిడి, లెక్కింపు మెరుగుపడటం, వీటిలో దేని పాత్ర ఎంత అన్నదానిపై ఆర్థికవేత్తలలో ఏకాభిప్రాయం లేదు.

దేశాల మధ్య పోలికలోనూ జాగ్రత్త అవసరం. 2013లో జరిగిన అంతర్జాతీయ శ్రామిక గణాంకవేత్తల సమావేశం వేతనం లేదా లాభం కోసం చేసేదే ఉపాధి అని నిర్వచించి, సొంత వాడకానికి చేసే ఉత్పత్తిని వేరుచేసింది. భారత సర్వే ఇంటి వాడకానికి పండించే పంటను కూడా ఆర్థిక కార్యకలాపంగానే పరిగణిస్తుంది.

కనుక ఈ రేటు వార్తలో వినిపించినప్పుడు వయసు ఏది, కాలవ్యవధి ఏది, ఏ పని చేరింది, ప్రతిఫలం అందిందా అన్న నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. మహిళలు పనిలో ఉన్నారన్న సమాచారం ఈ రేటులో లభిస్తుంది. ఆ పని ఫలితం వారి చేతికి వస్తున్నదా అన్నది మాత్రం విడిగా చూడవలసిన లెక్క.