పొరుగు మనిషే దెయ్యం: ‘మణిచిత్రతాళు’ రీమేకులూ భద్రాచలం అటవీ సరిహద్దూ

పాత కొంపలోకి ఒక కుటుంబం దిగుతుంది. అందులో ఒక గదికి తాళం వేసి ఉంటుంది. తెరవద్దని పెద్దలు హెచ్చరిస్తారు, కోడలు తెరుస్తుంది. 1993లో ఫాజిల్ తీసిన మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళు’ కథ స్థూలంగా ఇదే. మధు ముట్టం రాసిన ఈ కథ 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా, 2005లో తమిళంలో ‘చంద్రముఖి’గా, 2007లో హిందీలో ‘భూల్ భులయ్యా’గా వచ్చింది. తెలుగువాళ్లు ‘చంద్రముఖి’ని డబ్బింగులో చూశారు. ‘ఆప్తమిత్ర’కు కొనసాగింపైన కన్నడ ‘ఆప్తరక్షక’ను దర్శకుడు పి. వాసు 2010లో వెంకటేశ్‌తో ‘నాగవల్లి’గా మళ్లీ తీశాడు.

రీమేకుల మీద మన చర్చ కోడలి పాత్రలో శోభనా, సౌందర్యా, జ్యోతికా ఎవరు మేలన్న పంచాయితీ దగ్గరే ఆగిపోతుంది. అది తేలేది కాదు. అంతకన్నా పట్టించుకోవలసింది, కోడలిని పట్టిందనే దెయ్యం ఊరు. మలయాళ తరవాడులో (పూర్వీకుల పెద్దింట్లో) ఆమె తంజావూరు నుంచి వచ్చిన తమిళ నర్తకి. కన్నడ, తమిళ చిత్రాల్లో తెలుగు మనిషి. తమిళ ‘చంద్రముఖి’లో ‘రారా’ పాట తెలుగులోనే ఉంటుంది. హిందీలో ఆమె బెంగాలీ. తెలుగు డబ్బింగుకు వచ్చేసరికి ఆమె నోట తమిళం పలికించారు. భవనం, మొగుడు, మనోవైద్యుడు యథాతథంగా ఉండగా, పొరుగు జాతిని మాత్రం ప్రతిసారీ కొత్తగా ఎంచుకున్నారు. నిజానికి కథలో దెయ్యమే లేదు, ఉన్నది కోడలి మనోవ్యాధి. ఆ వ్యాధి కూడా పరాయి భాషలోనే మాట్లాడడం గమనార్హం. పూర్వం ఆ ఇంటి దొర మోజుపడి తెచ్చుకున్న ఆడది ఆ గోడల మధ్యే చనిపోతుంది. ఆ ఇంట్లో ఆమెకు వాటా ఉందా అని ఏ రీమేకూ అడగలేదు. ఆమెను వదిలించి ఇంటిని వారసులకు అప్పగించడంతో సినిమా ముగుస్తుంది.

పరాయి మనిషిని ఇంటి నుంచి వదిలించే ఈ సూత్రం భద్రాచలం అడవి అంచున ఎలా ఉంటుంది? అక్కడి కోయ ఆదివాసుల ఇళ్లలో చనిపోయినవాళ్లు బయటికి గెంటవలసినవాళ్లు కారు. కొత్తల పండుగలో కొత్త పంట ముందు పితరులకూ దేవతలకూ పెట్టాకే ఇంటిల్లిపాదీ నోట పెట్టుకుంటారు. చచ్చినవారి పేర రాయి నిలబెట్టే ఆచారం కూడా ఉంది. కాబట్టి తాళం వేసిన గది అన్న ఊహే ఆ ఇంటికి అతకదు. తెలుగు తెర మాత్రం కోయలను జోస్యం చెప్పే, దెయ్యాలు వదిలించే ‘కోయదొర’ వేషంలోనే ఎక్కువగా చూపించింది. పల్లెలో కొలుపు నడిపే కోయ పూజారి వడ్డెకూ, ఆ వేషానికీ పోలికే లేదు.

ఇదంతా అడవి మంచితనమని మురిసిపోనక్కర్లేదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని చంపిన ఘటనలు ఈ ఏజెన్సీలోనూ జరిగాయి. అక్కడ నింద పడేది చచ్చినవాళ్ల మీద కాదు, బతికున్న ఇరుగుపొరుగు మీద, ఒక్కోసారి సొంత బంధువు మీద.

పొరుగువాడి భయం మరో రూపంలోనూ ఇక్కడ ఉంది. ‘చంద్రముఖి’ విడుదలైన 2005లోనే దంతెవాడలో మావోయిస్టులకు వ్యతిరేకంగా సాయుధ దళాలను దించిన సల్వాజుడుం మొదలైంది. ఆ హింసకు తాళలేక ఛత్తీస్‌గఢ్ ఆదివాసీ కుటుంబాలు సరిహద్దు దాటి చర్ల, దుమ్ముగూడెం, చింతూరు అడవుల్లోకి వచ్చాయి. వాళ్లను గుత్తికోయలన్నారు. స్థానిక కోయలకూ వాళ్లకూ మాట దాదాపు కలుస్తుంది, కాగితం కలవదు. షెడ్యూల్డు తెగ హోదా రాష్ట్రం దాటితే దానంతటది వెంట రాదు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13ను గడువు తేదీగా పెట్టింది. ఆ తర్వాత వచ్చి అడవిలో గుడిసె వేసుకున్నవాడు చట్టం దృష్టిలో ఆక్రమణదారు. రిజర్వు ఫారెస్టులో ఇలాంటి గుడిసెలను తొలగించిన వార్తలు పలుమార్లు వచ్చాయి.

ఈ రెంటినీ పక్కపక్కన చదవాలంటున్నది సినిమాకూ వలసకూ కార్యకారణం ఉందని కాదు. భయం చాటున ఉన్న తగాదా ఇంటి మీద హక్కుది. సినిమాలో దాన్ని మనోవైద్యుడూ మంత్రగాడూ కలిసి తీరుస్తారు. చర్ల అడవిలో అది అటవీశాఖ, రెవెన్యూ కాగితాల మధ్య ఇంకా నలుగుతోంది.