తలనొప్పి మందుకు ముక్కే వాకిలి

బేస్తవారిపేట చుట్టుపక్కల ఏ చేను గట్టున నడిచినా ఉత్తరేణి గింజలు పంచె అంచుకు అంటుకుని ఇంటిదాకా వస్తాయి. వాటి కొనలు ముళ్లలా గుడ్డలోకి దిగుతాయి, కూర్చుని ఒక్కొక్కటే పీకాల్సిందే. వినాయక చవితి 21 పత్రిలో ఇదీ ఒకటి. సంస్కృతంలో అపామార్గం. సుమారు 2,000 ఏళ్ల నాటి చరక సంహితలో, సూత్రస్థానం 2వ అధ్యాయానికి ఈ కలుపుమొక్క పేరే పెట్టారు. తల బరువుకు, తలనొప్పికి, అర్ధావభేదకానికి ముక్కు ద్వారా ఇచ్చే మందుల వరుస ఈ గింజలతోనే మొదలవుతుంది. అర్ధావభేదకమంటే తల ఒక పక్కన పగిలిపోతున్నట్టుండే నొప్పి. మన ఊళ్లలో పార్శ్వపు నొప్పి అంటాం, డాక్టర్లు మైగ్రేన్ అంటారు.

మా అవ్వ ఉత్తరేణి జోలికి పోయేది కాదు. తుమ్మి ఆకు నలిపి, పలచటి గుడ్డలో పెట్టి, ముక్కులో రెండు చుక్కలు పిండేది. కళ్ల వెంట నీళ్లు, వరసగా తుమ్ములు. ఆపైన కణతలకు శొంఠి గంధం పట్టు. తలుపులు మూసిన చీకటి గదిలో నిద్రపడితే నొప్పి దిగేది. మందు దించిందో, చీకటీ నిద్రా దించాయో ఇప్పటికీ నాకు తెగని ప్రశ్నే.

పొగాకు పండించే జిల్లా వాళ్లం కాబట్టి ఇంకో ముచ్చటా తెలియాలి. 1560 ప్రాంతంలో పోర్చుగల్‌లో ఫ్రాన్స్ రాయబారిగా ఉన్న జాన్ నికో, తలనొప్పికి మందని చెప్పి రాణి కాథరిన్ ద మెడిచికి పొగాకు పంపాడని చెబుతారు. దాన్ని పొడి చేసి ముక్కుతో పీల్చేవారు. నికోటిన్‌కు ఆ పేరు ఈయన నుంచి వచ్చిందే. మందుగా మొదలైన ముక్కుపొడుం వ్యసనమై కూర్చుంది.

1908లో అమెరికా వైద్యుడు గ్రీన్‌ఫీల్డ్ స్లూడర్ ముక్కు వెనకున్న ఒక నరాల ముడికి ఈ నొప్పులతో సంబంధముందని చెప్పి, దానికి కొకైన్ పూసి ముఖం, తల నొప్పులను తగ్గించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. దారి మంచిదే, మందే ప్రమాదకరం.

ముక్కు దారి ఎందుకంటే, పార్శ్వపు నొప్పి పట్టుకున్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మాత్ర వేసుకున్న కాసేపటికే వాంతిలో పోతుంది. పోకపోయినా, ఆ సమయంలో కడుపు కదలిక మందగిస్తుంది కాబట్టి మందు అక్కడే కూర్చుంటుంది. ముక్కు లోపలి పలచటి పొర నిండా సన్నని రక్తనాళాలే. అక్కడ పడ్డ మందు కడుపుతో పని లేకుండా నేరుగా రక్తంలోకి చేరుతుంది. 1997లో సుమట్రిప్టాన్, డైహైడ్రోఎర్గోటమిన్ ముక్కు స్ప్రేలకు అమెరికా అనుమతి వచ్చింది. నొప్పి సమయంలో నరాల నుంచి వెలువడే సీజీఆర్‌పీ అనే పదార్థం గుట్టు విప్పిన నలుగురు శాస్త్రవేత్తలకు 2021లో బ్రెయిన్ ప్రైజ్ దక్కింది. సీజీఆర్‌పీని అడ్డుకునే తొలి ముక్కు స్ప్రే జావెజెపాంట్‌ను అమెరికా 2023 మార్చిలో అనుమతించింది. సుమట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్ స్ప్రేలు మన దేశంలోనూ డాక్టరు చీటీ మీద దొరుకుతాయి. గొంతులోకి చేదు దిగుతుంది. గుండెజబ్బు ఉన్నవాళ్లు, అదుపులేని రక్తపోటు ఉన్నవాళ్లు మాత్రం వీటిని వాడకూడదు.

నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. తలనొప్పిని మనం జబ్బుగా లెక్కపెట్టం. ఇంటిపనో, చేనిపనో ఆగకూడదని ఆడవాళ్లు కొట్లో దొరికిన బిళ్ల మింగి లేస్తారు. నెలలో 15 రోజులు, అంతకు మించి మామూలు నొప్పి మాత్రలు, లేదా 10 రోజులు ట్రిప్టాన్లు నెలల తరబడి వాడితే ఆ మందులే కొత్త తలనొప్పిని తెస్తాయి. ట్రిప్టాన్ స్ప్రే అయినా అంతే. అలాంటివాళ్లకు కావలసింది నొప్పి రాకముందే ఆపే మందులు.

గోడమీది క్యాలెండర్లో నొప్పి వచ్చిన రోజు ఒక చుక్క, మాత్ర వేసిన రోజు ఒక గీత పెట్టండి. మూడు నెలల తరువాత ఆ కాగితాలు పట్టుకుని నరాల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లో అమ్మకో, అక్కకో ఈ నొప్పి ఉంటే ఆమెను వెంటబెట్టుకుని మీరే తీసుకెళ్లండి.