వెబ్‌స్టర్ పద్ధతి

వెబ్‌స్టర్ పద్ధతి గర్భిణుల నడుము కింది ఎముకల మీద, పొత్తికడుపు మీద చేతులతో చేసే కైరోప్రాక్టిక్ చికిత్స. అమెరికన్ కైరోప్రాక్టర్ లారీ వెబ్‌స్టర్ 1980ల తొలినాళ్ళలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. కడుపులో ఎదురుకాళ్ళతో ఉన్న బిడ్డను తలకిందులుగా తిప్పుతుందన్న నమ్మకమే దీనికి పేరు తెచ్చిపెట్టింది.

కైరోప్రాక్టిక్ పుట్టింది అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్‌లో. హార్వీ లిల్లార్డ్ అనే పారిశుద్ధ్య పనివాడి వెన్నుపూసను సర్దితే అతనికి వినికిడి వచ్చిందని 1895లో డి.డి. పామర్ ప్రకటించాడు. జబ్బులకు మూలం వెన్నుపూసలు పక్కకు జరగడమేనన్నది పామర్ సిద్ధాంతం. ఆధునిక శరీరశాస్త్రం దీన్ని ఒప్పుకోలేదు. అయినా వృత్తి మాత్రం నిలదొక్కుకుంది. 1913లో కాన్సాస్ రాష్ట్రం దానికి తొలిసారి చట్టబద్ధత ఇచ్చింది.

వెబ్‌స్టర్ వాదన ఈ సిద్ధాంతానికి కొనసాగింపే. త్రికాస్థి, అంటే వెన్ను అడుగున కటి ఎముకల మధ్య ఉండే ఎముక, కాస్త తిరిగి ఉంటే గర్భాశయాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు బిగుసుకుంటాయని, లోపల బిడ్డ కదలడానికి చోటు చాలదని అతను చెప్పాడు. చికిత్సలో గర్భిణిని పొట్ట మీద ఒత్తిడి పడకుండా దిండ్ల మీద బోర్లా పడుకోబెడతారు. రెండు మోకాళ్ళూ మడిచి మడమలను పిరుదుల వైపు నొక్కి, ఏ కాలు బిగువుగా ఉందో చూస్తారు. దాన్నిబట్టి త్రికాస్థిని సర్దుతారు. తర్వాత వెల్లకిలా తిప్పి, గజ్జ వైపు దిగే రౌండ్ లిగమెంట్ దగ్గర బొటనవేలితో మెల్లగా ఒత్తుతారు. బిడ్డను నేరుగా పట్టుకుని తిప్పే ప్రయత్నం ఇందులో ఎక్కడా లేదు.

వెబ్‌స్టర్ 1986లో అంతర్జాతీయ కైరోప్రాక్టిక్ పీడియాట్రిక్ అసోసియేషన్‌ను స్థాపించాడు, 1997లో మరణించాడు. ఆ తర్వాతే ఈ పద్ధతికి గిరాకీ పెరిగే పరిస్థితులు బలపడ్డాయి. 26 దేశాల్లో 2,088 మంది గర్భిణులతో మేరీ హన్నా బృందం జరిపిన అధ్యయనం 2000లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడింది. ఎదురుకాళ్ళ బిడ్డకు సాధారణ కాన్పు కన్నా ముందే నిర్ణయించుకున్న సిజేరియనే క్షేమమని అది తేల్చింది. చాలా ఆసుపత్రులు అదే బాట పట్టాయి. కోత తప్పించుకోవాలనుకున్న తల్లులు బిడ్డ తిరిగే దారి కోసం వెతికారు.

పద్ధతిని సమర్థించేవాళ్ళు తరచు చూపేది 2002లో వెలువడిన ఒక సర్వే. అందులో విజయం 82 శాతమని ఉంది. కానీ జవాబులిచ్చినవాళ్ళు చికిత్స చేసిన కైరోప్రాక్టర్లే. పోల్చి చూడడానికి చికిత్స పొందని తల్లుల గుంపు లేదు. ఇక్కడే అసలు చిక్కుంది. 28వ వారంలో దాదాపు నాలుగో వంతు బిడ్డలు ఎదురుకాళ్ళతోనే ఉంటారు. నెలలు నిండేసరికి వాళ్ళు 3 నుంచి 4 శాతానికి తగ్గిపోతారు. తక్కినవాళ్ళు ఎవరూ చెయ్యి వేయకుండానే తిరుగుతారు. ఎనిమిదో నెలలో ఏ చికిత్స చేసినా, తర్వాత బిడ్డ తిరిగితే ఘనత దానికే దక్కుతుంది. బిడ్డ తనంతట తిరిగిందా, చికిత్స వల్ల తిరిగిందా అన్నది తేల్చగల పెద్ద యాదృచ్ఛిక పరీక్ష ఏదీ ఈ పద్ధతికి దన్నుగా లేదు.

ప్రసూతి వైద్యులు చేసే పని వేరు. నెలలు నిండే వేళ, సాధారణంగా 37వ వారం దగ్గర, స్కాన్‌లో చూసుకుంటూ పొట్ట మీద నుంచే బిడ్డను తలకిందులుగా తిప్పుతారు. దాదాపు సగం మందిలో ఇది ఫలిస్తుంది. అరుదుగా బిడ్డ గుండె చప్పుడు తగ్గి, వెంటనే ఆపరేషన్ చేయాల్సి రావచ్చు కాబట్టి ఆసుపత్రిలోనే చేస్తారు.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళ చేత నడుము తన్నించుకుంటే పట్టు వదులుతుందన్న నమ్మకం తెలుగునాట ఉంది. అమెరికాలో వరస తిరగబడింది, తల్లి నడుము సర్దితే ఎదురుకాళ్ళ బిడ్డ తిరుగుతుందన్నారు.

వెబ్‌స్టర్ స్థాపించిన సంఘమే తర్వాత ఆ మాట వెనక్కు తీసుకుంది. పద్ధతి ఉద్దేశం బిడ్డను తిప్పడం కాదని, తల్లి కటి సమతౌల్యాన్ని మెరుగుపరచడమేనని, ప్రసవ వైద్యం తమ పరిధి కాదని ఇప్పుడు చెబుతోంది. వెబ్‌స్టర్ పేరుతో శిక్షణ, ధ్రువపత్రాలు మాత్రం కొనసాగుతూనే ఉన్నాయి.