ఎద్దు మాటలు – గుఱ్ఱపు మాటలు

జ్యేష్ఠ పూర్ణిమనాడు రాయలసీమ గ్రామములలో ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఏరువాక సాగింతురు. ఈ మాటలోని ‘ఏరు’ ఏమి? నది యని తలచు విద్యార్థులు పెక్కుమంది. కాని వానకై ఆకాశమువంక చూచు కడప, కర్నూలు మెట్టపొలములలో సేద్యపు పండుగకు నది పేరు ఏల వచ్చును? ఇక్కడ ఏరు అనగా ఎద్దులను పూన్చి దున్నుటకు సిద్ధపరచిన నాగలి. తమిళములోను ‘ఏర్’ అనగా నాగలియే. ఒక చిన్న మాటలో ఇంత పాత చరిత్ర దాగియున్నది.

ఒకే మాట రెండు భాషలలో కనిపించినప్పుడు, అది పుట్టుకతో వచ్చినదా, ఎరువు తెచ్చుకొన్నదా అని ఎట్లు తెలియును? భాషాశాస్త్రజ్ఞులు దీనికొక పరీక్ష పెట్టిరి. ఒకే మూలభాషనుండి వచ్చిన మాట ప్రతి భాషలోను ఆ భాష ధ్వనుల నియమము ననుసరించి మారును. ఇటీవల ఎరువు వచ్చిన మాట మాత్రము ఎక్కడ చూచినను ఇంచుమించు ఒకే రూపముతో నుండును.

ఈ పరీక్షను గాడిదపై పెట్టి చూతము. తమిళములో దీనిని ‘కళుదై’ అందురు. ఇందలి ళకారము నాలుకను మడిచి పలుకునట్టి ప్రత్యేక ధ్వని. అదే ధ్వని గల తమిళ పదములు ‘ఏళు’, ‘కోళి’ అనునవి తెలుగులో ఏడు, కోడి అయినవి. కనుక కళుదై మనకు గాడిద యగుట నియమబద్ధమే. ఇట్లే మన ఎద్దు తమిళమున ‘ఎరుదు’, కన్నడమున ‘ఎత్తు’. రూపములు వేరైనను చుట్టరికము స్పష్టము. పూర్వము బండి ఱతో వ్రాసిన గుఱ్ఱము సైతము తమిళ ‘కుదిరై’, కన్నడ ‘కుదురె’ల తోబుట్టువే. ఉత్తరదేశపు వంశము వేరు: సంస్కృతపు అశ్వము, పారసీకపు అస్ప్, లాటినులోని ఎక్వుస్ ఒకే కుటుంబములోనివి.

గుఱ్ఱము పేరు మనదే. మరి దాని సామగ్రి మాటయో? లగాము, జీను, రికాబు, సవారి. లగామును తెలుగు, కన్నడము, మరాఠీ, హిందీ భాషలలో ఇంచుమించు ఒకే తీరున పలుకుదురు. పై పరీక్ష ప్రకారము ఇది ఎరువు సొమ్ము. అది పారసీకము. రికాబు అరబ్బీనుండి పారసీకము ద్వారా వచ్చినది. అంతకుముందు మనకు మాటలు లేవా? ఉన్నవి. లగామునకు కళ్లెము, జీనుకు పల్లము, రికాబుకు అంకవన్నె. ఉన్న మాటల ప్రక్కన క్రొత్తవి ఏల వచ్చి కూర్చున్నవి?

చరిత్ర దీనికి సమాధానము చెప్పును. దక్షిణాపథమున యుద్ధమునకు తగిన మేలుజాతి గుఱ్ఱములు చాలినన్ని పెరుగలేదు. రాజులు వానిని కొనవలసి వచ్చెను. 13వ శతాబ్దమున కాకతి గణపతిదేవుని సేనాని, కాయస్థ వంశీయుడు అయిన గంగయ సాహిణి పేరు శాసనములలో ప్రసిద్ధము. ఆ వంశమువారు కడప మండలములోని వల్లూరునుండి పాలించిరి. సాహిణి అనగా అశ్వసేనాధికారి. 16వ శతాబ్దమున విజయనగరమును గురించి వ్రాసిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్, రాయలు ఏటేట 13,000 గుఱ్ఱములను కొనెనని చెప్పెను. వానిలో హోర్ముజు రేవు గుఱ్ఱములును, దేశవాళీవియు నుండెను. సముద్రముదాటి గుఱ్ఱము రాగా, దాని వెంట దాని మాటలును వచ్చెను. మేలైన గుఱ్ఱమును ‘తేజి’ యనుట కూడ ఇట్టిదే. పారసీకమున ‘తాజీ’ యనగా అరబ్బు దేశపుది. గుఱ్ఱమెక్కు రౌతు మాత్రము ఉత్తరమునుండి వచ్చినాడు. రాజపుత్ర శబ్దము ప్రాకృతమున మారి రౌతు అయినది.

ఎద్దు సంగతి వేరు. అది మన కొట్టములోనే పుట్టి పెరిగినది. దాని పనికి సంబంధించిన మాటలు పెక్కు ఇరుగుపొరుగువారితో పంచుకొన్నవే. రాయలసీమలో నాగలిని మడక యందురు. బావినుండి ఎద్దులచే నీరు తోడించు సాధనమును కపిల యందురు. ఎద్దులు వాలుబాటలో దిగగా నీరు నిండిన తోలుబాన గిలకమీదుగా పైకి వచ్చును. అవి వెనుకకు నడువగా మరల బావిలోనికి దిగును. దీనిని కన్నడిగులు ‘కపిలె’ యనియు, తమిళులు ‘కవలై’ యనియు అందురు. ఇదే సాధనమును ఇతర తెలుగు ప్రాంతములలో మోట యందురు; మరాఠీవారిది ‘మోట్’. పని ఒకటే, ఎద్దులు ఒకటే. కాని ఒక మాట దక్షిణపు పొరుగును, మరియొకటి ఉత్తరపు పొరుగును చూపుచున్నది.

ఇట్టి మాటలను కూర్చినవారికి మనము ఋణపడియున్నాము. 1820లో ఉద్యోగిగా కడపకు వచ్చిన సి. పి. బ్రౌను 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును, 1854లో తెలుగులోని అన్యదేశ్య పదములకు వేరొక నిఘంటువును వెలువరించెను. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున మాండలిక వృత్తి పదకోశము తొలి సంపుటమును ప్రకటించినది. అది వ్యవసాయ పదములకే కేటాయింపబడినది. పదములను రైతుల నోటనే విని సేకరించిరి.

నేడు బావులపై విద్యుత్ పంపులు, పొలములలో ట్రాక్టర్లు వచ్చినవి. కపిల మూలబడినది. రాయలసీమలో బండలాగుడు పందెములకు ఎద్దులను ఇప్పటికిని ప్రేమతో పెంచుచున్నారు. కాని పందెపు టెద్దుకు కపిల మాటలతో పనిలేదు. గుఱ్ఱపు మాటలకు కావ్యములు, శాసనములు, దండు లెక్కలు కాపుగా నున్నవి. కపిల త్రాళ్లకు, కాడి చీలలకు ఉన్న పేర్లు చాలవరకు వృద్ధ రైతుల నోళ్లలోనే మిగిలినవి.

ఉపాధ్యాయులు సెలవు దినములలో విద్యార్థులకు ఈ పని అప్పగింపవచ్చును. తాతను అడిగి కాడి, మడక, కపిలల భాగములను బొమ్మ వేయవలెను. ప్రతి భాగమునకు పేరు, ఊరు, పలికిన తీరు వ్రాయవలెను. పుస్తకమందలి రూపమునకు దిద్దరాదు. విన్నది విన్నట్లే వ్రాయవలెను. ఆ తేడాయే శాస్త్రమునకు సాక్ష్యము.